వరదలప్పుడు వాట్సాప్ నిజంగా ఉపయోగపడుతుందా, పుకార్లకేనా?

రెండింటికీ. 2021 నవంబరులో తిరుపతిలో కుండపోత వాన పడి వీధులు ఏరులైనప్పుడు రెండూ కనిపించాయి. ఏ రోడ్డు మునిగింది, ఏ దారి తెరిచుంది అన్నది ఆ వీధిలో ఉన్నవాళ్ల ఫోన్ల నుంచే ముందు తెలిసేది. అదే వారం తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు లీకేజీ వచ్చి కింది ఊళ్లను ఖాళీ చేయించారు. అలాంటి సమయంలో "కట్ట తెగిందంట" అని ఎవరో పంపే ఒక్క వాయిస్ మెసేజ్ చాలు, ఊరంతా టెన్షన్.

తేడా అంతా మెసేజ్ రాసే తీరులో ఉంది. "దయచేసి కాపాడండి, అందరికీ షేర్ చేయండి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. తేదీ, టైమ్, వీధి, దగ్గరి గుడో బడో, ఎంతమంది ఉన్నారు, ముసలివాళ్లు ఉన్నారా, ఫోన్ నంబరు: ఇవి ఉంటేనే బోటు వస్తుంది. లొకేషన్ పిన్ పెడితే ఇంకా మంచిది. 2018 కేరళ వరదల్లో వాలంటీర్లు, ప్రభుత్వం కలిసి ఇలాంటి వివరాలనే ఒక వెబ్‌సైట్‌లో పోగేశారు. మనవాళ్లేమో సాయం అందాక కూడా మెసేజ్ తీసేయరు, అది మూడు రోజులు తిరుగుతూనే ఉంటుంది!

ముందు ఎమర్జెన్సీ నంబరు 112కి ఫోన్ చేయండి, వాట్సాప్ గ్రూపు తర్వాత. నెట్ పోయినా కొన్నిసార్లు మామూలు ఎస్సెమ్మెస్ వెళ్తుంది. మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు ఉంటే అది చాలాసార్లు చేతులు మారిందని అర్థం, పంపే ముందు ఆ ఊళ్లో తెలిసినవాళ్లను అడగండి.