ప్రామ్‌కి లిమో కావాలంటున్న కూతురికి ఏం చెప్పాలి?

ప్రామ్ అంటే ఇక్కడ హైస్కూల్ చివర్లో పిల్లలు ముస్తాబై వెళ్లే డాన్స్ పార్టీ, లిమో అంటే సాగదీసిన పొడుగాటి అద్దె కారు. అడిగిన ప్రశ్న ఇది: "మేం న్యూజెర్సీలో ఉంటాం. మా అమ్మాయి సీనియర్ ప్రామ్‌కి ఫ్రెండ్స్ అందరూ కలిసి లిమో మాట్లాడుకుంటారట. నేనే వ్యాన్‌లో దింపేస్తాగా, ఆ డబ్బు దండగ అంటున్నారు మా ఆయన. నిజంగా అవసరమా?"

బండి మాట్లాడుకోనివ్వండి. అయితే లిమో మాత్రం వద్దు, ప్రతి సీటుకీ బెల్టు ఉన్న పెద్ద వ్యాన్ చూసుకోమనండి. మీ ఆయన వ్యాన్‌లో ఆ రోజు పెట్రోలు ఫుల్లుగా ఉండేలా చూడండి. ఎందుకో చెప్తాను.

"నేను దింపేస్తాగా" అన్నది ప్రతి తెలుగింటి నాన్న చెప్పే మాటే. దింపడం ఎవరైనా చేస్తారండీ. సాయంత్రం ఐదింటికి ఎండ ఇంకా తగ్గదు, పిల్లలు ముస్తాబై ఉంటారు, అందరూ నవ్వుతూనే ఉంటారు. అసలు సంగతి రాత్రి తిరిగి రావడం. మన రాష్ట్రంలో పదిహేడేళ్లకి ప్రొబేషనరీ లైసెన్స్ ఇస్తారు కదా. దాంతో రాత్రి 11:01 నుంచి పొద్దున 5 దాకా బండి నడపకూడదు. పక్కన అమ్మో నాన్నో లేకపోతే బండిలో ఒక్క ఫ్రెండ్‌నే ఎక్కించుకోవాలి. ప్రామ్ అయ్యేదే పదకొండింటికి! అంటే లైసెన్స్ ఉన్న పిల్లలు కూడా ఆ రాత్రి తమ కారులో ఫ్రెండ్స్‌ని వేసుకుని ఇంటికి రావడం రూల్ ప్రకారం కుదరదు. ఇలాంటి లైసెన్స్ వాళ్లని తెలిసేలా నంబర్ ప్లేటు మీద ఎర్ర స్టిక్కర్ పెట్టుకోవాలన్న చట్టం కూడా 2010 నుంచీ ఉంది. దాన్ని తీసి మళ్లీ పెట్టుకోవచ్చు కాబట్టి చాలామంది తీసి గ్లవ్ బాక్సులో పడేస్తారు. ఇవన్నీ మనకన్నా పిల్లలకే బాగా తెలుసు. మీరు బండి మాట్లాడకపోతే వాళ్లు ఇంటి దగ్గర ఆగిపోరు. ఎవరో ఒకరి అన్నయ్య కారులో ఆరుగురు ఇరుక్కుని వస్తారు. లేదంటే ఇంటికి రాకుండా అటు నుంచి అటే సముద్రం ఒడ్డుకి, సీసైడ్ హైట్స్‌కో వైల్డ్‌వుడ్‌కో పోతారు.

డబ్బు గురించి ఒక మాట అననివ్వండి, చాలా రోజులుగా కడుపులో ఉంది. ఇదే అమ్మాయికి ఓణీల ఫంక్షన్ చేసినప్పుడు హాలు, స్టేజి, డ్రోన్ కెమెరా, ఇండియా నుంచి తెప్పించిన పట్టు బట్టలు, మూడు రకాల బిర్యానీ అన్నీ జరిగి ఉంటాయి. అమ్మాయిని పల్లకీలో కూర్చోబెట్టి నలుగురు మేనమామలు మోసుకొచ్చి ఉంటారు. ఆ పల్లకీకి అద్దె కట్టేటప్పుడు "నేనే నడిపించుకొస్తాగా" అని ఏ నాన్నా అనలేదు. మన పండగకి మనం పెట్టింది ఖర్చు, వాళ్ల పండగకి వాళ్లు అడిగింది దండగ.

సరే, లిమో ఎందుకు వద్దంటున్నానంటే, మా పెద్దమ్మాయి ప్రామ్ రోజు జరిగింది విన్నాక మీరే చెప్పండి.

ఆ గుంపులో సగం మంది మనవాళ్ల పిల్లలే. బండి మాట్లాడే పని ఒక నాన్న నెత్తిన వేసుకున్నాడు. ఆయన పేరు వద్దు, లిమో లిమో అని అందరికన్నా ఎక్కువ ఉబలాటపడింది ఆయనే. మేం ఆడవాళ్లం పోట్లాడి స్ప్రింటర్‌కి, అంటే పైన చెప్పిన లాంటి పెద్ద వ్యాన్‌కి ఒప్పించాం. ఫొటోలకి అందరం ఒకళ్లింటి బ్యాక్‌యార్డ్‌లో చేరాం. ఫ్రిజ్‌లో పెరుగు డబ్బాల పక్కన కార్సేజ్‌లు, అదే ఆడపిల్లలు చేతికి కట్టుకునే పూలు, పెట్టారు. మగపిల్లలు టై ఎలా కట్టుకోవాలో ఫోన్‌లో చూసుకుంటున్నారు. ఆ ఇంటి తాతగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు, ఆర్టీసీ గ్యారేజీలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయనకి ప్రామ్ అంటే ఏంటో మనవరాలు చెప్పింది, మగపిల్లాడి చెయ్యి పట్టుకుని ఫొటో దిగడం ఒక్కటి తప్ప మిగతాదంతా ఆయనకి నచ్చింది.

ఐదు దాటాక బండి వచ్చింది. స్ప్రింటర్ కాదు. తెల్లటి పాత లిమో, వీధి మలుపు తిరగడానికే తిప్పలు పడేంత పొడుగు. పిల్లలు ఒకటే కేకలు. నేను కంపెనీకి ఫోన్ చేస్తే, "స్ప్రింటర్ రిపేర్‌లో ఉంది, మీకు ఫ్రీగా అప్‌గ్రేడ్ చేశాం" అంది అవతలి అమ్మాయి, పైగా మేం థాంక్స్ చెప్పాలన్నట్టు. కాంట్రాక్ట్ తీసి చూస్తే వాహనం పేరు పక్కన చిన్న అక్షరాల్లో "లేదా అందుబాటులో ఉన్న మరో వాహనం" అని ఉంది.

మేమిలా ఫోన్‌లో అరుస్తుంటే తాతగారు మెల్లగా వెళ్లి బండి చుట్టూ ఒక రౌండ్ వేశారు. టైర్లు కాలితో తన్ని చూశారు. ఒంగి వెనక చక్రం లోపలి అంచు మీద వేలు పెట్టి రాశారు. తలుపు తీయించి లోపలికి తొంగి చూశారు. గోడ పొడుగునా వేసిన సోఫా లాంటి సీటుకి ఒక్క బెల్టు కూడా లేదు. బయటికొచ్చి చేతులు దులుపుకుని, "అమ్మాయ్, ఈ బండిని మా డిపోలో గేటు దాటనిచ్చేవాళ్లం కాదు" అన్నారు.

బండి మాట్లాడిన నాన్న మాత్రం "ఒక్కరోజుకి ఏమవుతుంది బాబాయిగారూ" అన్నాడు. పెద్దాయన ఆయన వంక చూసి, "ఏదైనా అయ్యేది ఒక్కరోజే నాయనా" అని వెళ్లి కుర్చీలో కూర్చున్నారు.

ఆయనకి తెలియదు గానీ నా మనసులో అప్పుడు తిరుగుతున్నది 2018 అక్టోబర్‌లో న్యూయార్క్ రాష్ట్రం స్కోహరీలో జరిగిన ప్రమాదం. పుట్టినరోజు చేసుకోవడానికి స్నేహితులంతా కలిసి మాట్లాడుకున్న బండి అది, పాత ఫోర్డ్ ఎక్స్‌కర్షన్‌ని సాగదీసి చేసిన లిమో. తాగి డ్రైవింగ్ చేస్తే ప్రమాదమని బుద్ధిగా బండి మాట్లాడుకుని వెళ్లినవాళ్లు. దిగుడులో బ్రేకులు పోయాయి. లోపలున్న 17 మంది, డ్రైవరు, పక్కన నిలబడ్డ ఇద్దరు, మొత్తం 20 మంది పోయారు. ఆ బండి అంతకు ముందే ఇన్‌స్పెక్షన్‌లో ఫెయిలైంది. కంపెనీ నడిపినతనికి 2023లో జైలు శిక్ష పడింది. మామూలు కారుని మధ్యకి కోసి, అతుకు పెట్టి సాగదీస్తే కొత్తగా కలిసిన భాగానికి తయారీ కంపెనీ పెట్టిన బెల్టులూ ఎయిర్‌బ్యాగ్‌లూ ఎక్కడి నుంచి వస్తాయి? బరువు మాత్రం పెరుగుతుంది, ఆపాల్సింది ఆ బ్రేకులే.

పిల్లలు ఏడుపు మొహాలు పెట్టారు. మస్కారా కారిపోతుందని పైకి చూస్తూ ఏడవడం ఆ రోజే చూశాను. ఆ డ్రైవరు మాత్రం మంచివాడు. ఈ పని తనకి వేరే కంపెనీ గంట ముందే అంటగట్టిందట. "నా కూతుర్నయితే నేనూ ఎక్కించను" అని గొంతు తగ్గించి నాతో అన్నాడు. ఆయనే ఇంకో మాట కూడా అన్నాడు, ఎలాగూ వచ్చాను కాబట్టి ఫొటోలు దిగండి అని. ఇంకేం, తలుపులు తీసి ఒకరు, బానెట్ మీద ఆనుకుని ఇంకొకరు, పైకప్పు కిటికీలోంచి చేతులు పైకెత్తి మరొకరు, అరగంట ఫొటోలే ఫొటోలు. తర్వాత ముగ్గురు నాన్నల మినీవ్యాన్లలో ఎక్కి వెళ్లారు. లోపల ఇండియన్ స్టోర్ కవర్లు, వెనక తమ్ముడి కార్ సీటు, అద్దానికి వేలాడే వెంకటేశ్వర స్వామి. హాలుకి ఒక వీధి ముందే దించమన్నారు, అదీ చేశాం. మా అమ్మాయి ఇన్‌స్టాగ్రామ్‌లో ఈ రోజుకీ ఆ లిమో ఫొటోలే ఉన్నాయి. అందులో కూర్చుని ఒక్క మైలు ప్రయాణించినవాళ్లు లేరు.

కంపెనీ వాళ్లకి నేను ఒకటే చెప్పాను: పదకొండింటికి హాలు దగ్గర స్ప్రింటర్ లేకపోతే కార్డు కంపెనీతో మాట్లాడి మొత్తం డబ్బు వెనక్కి రప్పిస్తాను అని. రిపేర్‌లో ఉన్న స్ప్రింటర్‌కి ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. పదకొండుకి ఐదు నిమిషాల ముందే వచ్చి నిలబడింది. అందర్నీ ఎవరింటి ముందు వాళ్లని దింపింది. మాకు కావాల్సింది ఆ ట్రిప్పే.

కాబట్టి మీరు చేయాల్సిందల్లా కాగితం దగ్గరే. బండి మోడల్, ప్లేటు నంబరు కాంట్రాక్ట్‌లో రాయించండి, "లేదా మరోటి" అన్న మాట కొట్టేయించండి. కంపెనీ యూఎస్‌డాట్ నంబర్, అంటే ఫెడరల్ రవాణా శాఖ ఇచ్చే నంబర్ అడగండి. ఫెడరల్ ప్రభుత్వం వాళ్ల సేఫర్ అనే సైట్‌లో ఆ నంబర్ కొడితే వాళ్లకి ఎన్ని బళ్లున్నాయి, ఎన్నిటిని ఇన్‌స్పెక్షన్‌లో రోడ్డు మీద తిరగొద్దని ఆపేశారు, ప్రమాదాలేమైనా ఉన్నాయా అన్నీ ఊరికే కనిపిస్తాయి. నంబర్ ఇవ్వడానికి నసిగితే ఫోన్ పెట్టేయండి. డ్రైవర్‌తో కలిపి 16 సీట్లు, అంతకన్నా ఎక్కువ ఉన్న పార్టీ బస్సయితే డ్రైవర్‌కి ప్యాసింజర్లని ఎక్కించుకునే సీడీఎల్ (కమర్షియల్ లైసెన్స్) ఉండాలి, అదీ అడగండి. టిప్పు బిల్లులో కలిపేశారో లేదో చూసుకోండి, కలిపాక కూడా పిల్లల చేతికి క్యాష్ ఇచ్చి పంపే అమాయకులున్నారు మనలో. అన్నిటికన్నా ముఖ్యం, ఎక్కడెక్కడ ఆగాలో రాతలో పెట్టి, ఆ దారి మార్చాలంటే ఫలానా అమ్మకి ఫోన్ చేసి అడగాలి అని రాయించండి. నాన్న నంబర్ ఇవ్వకండి. "డాడీ, జస్ట్ ఒక గంట బీచ్‌కి" అంటే కరిగిపోతారు.

ఖర్చు మాకు తలకి నూట నలభై డాలర్ల దాకా పడింది. ప్రామ్ సీజన్ కాబట్టి ఆరు గంటలకి తక్కువైతే ఎవరూ రామన్నారు, పిల్లలు హాల్లో ఉన్నంతసేపూ కూడా మీటరు తిరుగుతున్నట్టే లెక్క. మీ అమ్మాయి డ్రెస్ ఖరీదు ఒకసారి అడిగి చూడండి, బండి చవక అనిపిస్తుంది. బుక్ చేసే ముందే అందరి దగ్గరా డబ్బు వసూలు చేసుకోండి, తర్వాత చూద్దాం అనొద్దు. మా గుంపులో లిమో కోసం ఉబలాటపడ్డ ఆ నాన్న సంగతి చెప్పాను కదా, తన వాటా తనే వెనక్కి పట్టుకున్నాడు. వెళ్లేటప్పుడు మా వ్యాన్‌లోనే వెళ్లారు కాబట్టి ఒక వైపు ట్రిప్పుకే ఇస్తానని డెబ్భై డాలర్లు వెన్మో యాప్‌లో పంపాడు.