రాయి మోగితే చాలదు

ప్రశ్న: జియాలజీ పీజీ చదువుతున్నాను. నా ప్రాజెక్టులోని లావా రాయి ఆకుపచ్చ కలిసిన బూడిద రంగులో ఉంది. ల్యాబ్ రిపోర్టులో సిలికా 58 శాతం, సోడియం ఆక్సైడ్ 8.5, పొటాషియం ఆక్సైడ్ 5.5 అని వచ్చింది. సుత్తితో కొడితే గంటలా మోగుతోంది కాబట్టి ఫోనోలైట్ అన్నాను. సిలికా ఇంత ఉంటే అది ట్రాకైట్ అనే మరో లావా రాయే అంటున్నారు మా సీనియర్. ఎవరిది రైటు?

జవాబు: పేరు మీరు చెప్పిందే, కారణం మాత్రం అది కాదు. మోగే రాయి అనే అర్థంలో 1801లో క్లాప్‌రోత్ ఈ పేరు పెట్టిన మాట నిజమే. కానీ గట్టిగా ఉండి పలకలుగా విడిన రాయి ఏదైనా మోగుతుంది.

బసాల్ట్‌లో సిలికా 50 దగ్గరే ఉంటుంది కాబట్టి 58 ఎక్కువే అనిపిస్తుంది. అసలు చూడాల్సింది ఎంత ఉందని కాదు, సరిపోయిందా అని. మీ రాయిలో క్షారాలు, అంటే సోడియం, పొటాషియం ఆక్సైడ్లు రెండూ కలిపి 14 శాతం. ఒక్కో సోడియం పరమాణువు ఆల్బైట్ అనే ఫెల్డ్‌స్పార్ ఖనిజంలో కుదురుకోవాలంటే మూడు పాళ్ల సిలికా కావాలి. అంత దొరకనప్పుడు కొంత సోడియం ఒక్క పాలుతోనే సర్దుకుని నెఫెలిన్ అనే ఖనిజం అవుతుంది. ఇక మిగులు సిలికా, అంటే క్వార్ట్జ్, ఉండే ప్రశ్నే లేదు. నెఫెలిన్, క్వార్ట్జ్ రెండూ ఒకే లావాలో కలిసి పుట్టవు. అంటార్కిటికాలో ఎరెబస్ అగ్నిపర్వతం నోట్లో మరుగుతున్న లావా సరస్సుదీ ఇదే కూర్పు.

సిలికా, క్షారాల శాతాలను బట్టి లావా రాళ్లకు పేరు పెట్టే టాస్ పటంలో, సిలికా 58 దగ్గర ట్రాకైట్‌కు క్షారాల పైహద్దు సుమారు 12. మీది 14, అంటే ఫోనోలైట్ గడి. అయితే నీటి శాతం తీసేసి మిగతావి 100కి లెక్కగట్టారో లేదో చూసుకోండి. చివికిన రాయిలో సోడియం కొట్టుకుపోయి అంకెలు తప్పుదారి పట్టిస్తాయి.

ఖనిజాలు కనబడుతుంటే పటం కన్నా వాటి మాటే చెల్లుతుంది. లేత రంగు ఖనిజాల్లో నెఫెలిన్ లాంటివి 10 నుంచి 60 శాతం ఉండాలి, ఫెల్డ్‌స్పార్‌లో 90 శాతానికి పైగా క్షార రకమే (సోడియం, పొటాషియం ఉన్నదే) కావాలి. మైక్రోస్కోప్ కింద చూడటానికి పలచగా కోసిన నా మొదటి రాతి సెక్షన్‌లో నెఫెలిన్‌ని క్వార్ట్జ్ అని రాసుకుని రెండు రోజులు తంటాలు పడ్డాను. రెండూ రంగులేనివే, క్రాస్డ్ నికోల్స్‌లో (అడ్డంగా పెట్టిన రెండు పోలరైజర్ల మధ్య) రెండూ బూడిద రంగే. చివరికి ఆరు పలకల గింజ ఒకటి దొరికింది, మైక్రోస్కోప్ స్టేజి (సెక్షన్ పెట్టే పళ్లెం) ఎంత తిప్పినా చీకటిగానే ఉంది. దాని పక్కనే దీర్ఘచతురస్రంగా, అంచులు మసకబారిన ఇంకో గింజ. ఖనిజంలో కాంతి నడకను బట్టి చెప్పే ఆప్టిక్ సైన్ చూస్తే నెగెటివ్. క్వార్ట్జ్‌ది పాజిటివ్ కాబట్టి అక్కడితో నా అనుమానం తీరింది.

మీరూ ఆ గింజలు వెతకండి. చుట్టూ పచ్చటి సూదులుంటే అవి చాలావరకు ఏజిరిన్ అనే సోడియం ఖనిజం. దొరికాక మీ సీనియర్‌ని మైక్రోస్కోప్ దగ్గరికి పిలిచి చూపించండి.