యూనిఫాం తప్పిన పిల్లలు నీ గది ముందు నిలబడ్డప్పుడు

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. కుర్చీలో కూర్చుని నెల తిరక్కుండానే టై లేదని ఒకణ్ణి, స్కర్టు పొట్టిగా ఉందని ఒకమ్మాయిని, జుట్టు కటింగు బాగాలేదని ఇంకో నలుగుర్ని నీ గది ముందు వరసగా నిలబెట్టారని, ఎవరికి ఏ శిక్ష వేయాలో తోచక తల పట్టుకున్నానని రాశావు. "మొదట్లోనే బిగించకపోతే నెత్తికెక్కుతారు మేడం" అని స్టాఫ్‌రూంలో సీనియర్లు అంటున్నారట. అనే ఉంటారు. ప్రతి కొత్త హెడ్‌కీ ఆ మాట చెప్పడం వాళ్ల ఆనవాయితీ. బిగించు, తప్పులేదు. కాకపోతే ఏది బిగించాలో ముందు తేల్చుకో.

నేను చెప్పేది ఒక్కటే. బట్టల్లో తప్పుకి పాఠంలో కోత పెట్టకు. గేటు బయట నిలబెట్టడం, ఫస్ట్ పీరియడ్ అయ్యేదాకా వరండాలో ఉంచడం, "వెళ్లి మార్చుకు రా" అని ఇంటికి పంపడం, ఇవన్నీ ఈ వారమే ఆపించు. సాక్సు రంగు మారినందుకు ఒక పిల్లవాడు లెక్కల్లో కొత్త పాఠం మొదలైన రోజు పోగొట్టుకుంటే, ఆ వెలితి పరీక్షలో కనిపిస్తుంది గానీ అప్పుడు సాక్సు సంగతి ఎవరికీ గుర్తుండదు. పైగా బడి వేళలో ఒంటరిగా పంపిన పిల్లకి దారిలో ఏదైనా జరిగితే జవాబు చెప్పుకోవాల్సింది నువ్వు. ఇంకోటి కూడా ఉంది. చదువంటే మొహం మొత్తినవాడికి ఇది వరం. బెల్టు తీసి సంచిలో దాచుకుంటే చాలు, ఆ రోజుకి సెలవు.

ఇక స్కర్టు పొట్టిదైన అమ్మాయి సంగతి. ఆమె నీ గదిలోకి వచ్చినప్పుడు స్కర్టు పొడవు కంటే ముందు అంచు చూడు. కింద ఒక అడ్డగీత ఉంటుంది చూశావా, మిగతా బట్టంతా వెలిసిపోయి ఆ గీత నుంచి కిందికి మాత్రం కొత్త రంగు ఉంటుంది. అది మడత విప్పిన చోటు. తల్లి నిరుడే ఒకసారి కుట్టు విప్పి పొడవు పెంచింది, ఇంక విప్పడానికి గుడ్డ లేదు అని అర్థం. పిల్ల ఎదిగింది, స్కర్టు ఎదగలేదు. దీనికి శిక్షేమిటి? షర్టు భుజం కుట్టు మోచేతి వైపు జారి ఉంటే అది వాళ్ల అన్నయ్య షర్టు. వారం మధ్యలో కాలరు మురికిగా, తడిగా ఉంటే ఉన్నది ఒకటే జత, రాత్రి ఉతికితే తెల్లారేసరికి ఆరలేదు. బూట్లు లేక చెప్పులతో వచ్చిన పిల్లవాడు సాధారణంగా నీ కళ్లలోకి చూడడు. ఫ్యాషన్ కోసం వచ్చినవాడు తప్పకుండా చూస్తాడు, నువ్వు గమనించావా లేదా అని.

లేనివాళ్ల కోసం ఆఫీసు పక్కన ఒక బీరువా పెట్టించు. పై చదువులకి వెళ్లిపోయే పిల్లల దగ్గర మంచి స్థితిలో ఉన్న యూనిఫాంలు, టైలు, బెల్టులు అడిగి తీసుకో, ఉతికించి సైజుల వారీగా సర్దించు. వాటి మీద ముద్రలు, నంబర్లు వేయించొద్దు. ఎవరు తీసుకున్నారో గోడమీద అంటించొద్దు. నమ్మకమైన ఆయమ్మ చేతికి తాళం ఇవ్వు. పిల్ల ఫస్ట్ బెల్లుకి ముందు అక్కడికి వెళ్లి మార్చుకుని క్లాసుకి వెళ్లిపోవాలి, అంతే. వెనక్కి ఇవ్వకపోతే వెంటపడకు. ఇది నా సొంత కవిత్వం కాదు. కెన్యాలో లాటరీ తీసి కొందరు పిల్లలకి ఉచితంగా యూనిఫాం ఇచ్చి చూస్తే వాళ్ల గైర్హాజరు తగ్గింది, అప్పటిదాకా యూనిఫామే లేని పిల్లల్లో మరీ తగ్గింది. ఏళ్ల తర్వాత చూస్తే ఆ ప్రభావం నిలవలేదనుకో, కానీ బడికి రాకపోవడానికి బట్ట ఒక కారణం అని మాత్రం తేలింది కదా. ఇంగ్లండులో ఈ ఖర్చు మీద 2021లో ఏకంగా చట్టమే చేశారు. దాని కింద వచ్చిన మార్గదర్శకాలు స్కూలు ముద్ర ఉన్న బట్టలు తగ్గించమని, వాడిన యూనిఫాంలు అందుబాటులో ఉంచమని స్కూళ్లకి చెబుతున్నాయి. మీ మేనేజ్‌మెంటు ఏటా డిజైను మారుద్దామంటే ఈ మాట వాళ్ల చెవిన వెయ్యి.

మర్చిపోయి వచ్చినవాళ్ల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. డైరీలో ఒక లైను రాయించు, బీరువాలోంచి టై ఇప్పించు, వదిలెయ్.

కావాలని చేసేవాళ్ల దగ్గరే నీకు అసలు పని. తొమ్మిదో క్లాసు కుర్రాడు కాలరు పైకి లేపి, షర్టు బయటికి వదిలి, పై రెండు గుండీలు తీసుకుని కారిడార్లో నడుస్తున్నాడనుకో. వాడికి కావాల్సింది ప్రేక్షకులు. నువ్వు అక్కడే నిలబెట్టి నాలుగు తిట్టావంటే వాడికి టిక్కెట్లు నువ్వే అమ్మిపెట్టినట్టు. పక్కనుంచి వెళ్తూ గొంతు పెంచకుండా "ఇన్‌షర్ట్ చేసుకో నాన్నా" అను, అని ఆగకు, నడుస్తూ పో. ఇది చాలామంది టీచర్లకి మింగుడుపడదు. చెప్పాక ఎదురుగా నిలబడి, వాడు చేసేదాకా కళ్లురిమి చూస్తారు. పదిమంది ముందు ఓడిపోవడానికి ఆ వయసువాడు ఒప్పుకోడు. నువ్వు నాలుగడుగులు వేస్తే వాడికి షర్టు లోపలికి దోపుకోవడానికి సందు దొరుకుతుంది, తన ఇష్టంతోనే చేసినట్టు ఉంటుంది. మలుపు దగ్గర ఒకసారి వెనక్కి చూడు. నూటికి తొంభైసార్లు పని అయిపోయి ఉంటుంది.

అవని పది సార్లకి శిక్ష ఉండాల్సిందే. రెండోసారి అదే తప్పయితే ఇంటర్వెల్లోనో, బడి వదిలాకనో వాడి ఆట సమయంలోంచి పది నిమిషాలు తీసుకో, ఒక్కణ్ణే కూర్చోబెట్టి మాట్లాడు. మళ్లీ చేస్తే తల్లిదండ్రులని పిలువు. పిలిచే ముందు "అమ్మని రమ్మనాలా, నాన్ననా?" అని వాణ్ణే అడుగు. ఏ పేరు వద్దంటాడో దాన్ని బట్టి ఆ ఇంట్లో ఏం జరుగుతోందో కొంత తెలుస్తుంది, నాన్న బెల్టు తీసే ఇల్లయితే ఆ కబురు వెళ్లే తీరు నువ్వు మార్చుకోవాలి. అక్కడితో ఆపు. బట్టల కోసం సస్పెన్షను, టీసీ ఇస్తానన్న బెదిరింపు ఎప్పుడూ వద్దు. దొంగతనానికి, కొట్లాటకి ఏం మిగుల్చుకుంటావు మరి?

ఒక్క చోట మాత్రం సడలింపు ఇవ్వకు. ల్యాబులో మంట దగ్గర జుట్టు వదులుగా ఉన్నా, వర్క్‌షాపులో చెప్పులతో వచ్చినా ఆ పనిమీద చెయ్యి వేయనివ్వకు. అది క్రమశిక్షణ కాదు, ప్రాణాల సంగతి. అప్పుడు కూడా గదిలోంచి పంపేయకుండా పక్కన కూర్చుని నోట్సు రాసుకోనివ్వు.

జుట్టు విషయం వేరే చెప్పాలి. టై సాయంత్రానికి కట్టుకోవచ్చు, కత్తిరించిన జుట్టు సాయంత్రానికి మొలవదు. కాబట్టి నెల గడువు ఇచ్చి ఊరుకోవడం తప్ప మార్గం లేదు. క్లాసులో అందరి ముందు కత్తెర తీసి జుట్టు అడ్డదిడ్డంగా కత్తిరించే మహానుభావులు ఇంకా ఉన్నారు. నీ దగ్గర అలాంటిది జరిగితే ఆ రోజు నీ గది ముందు నిలబడాల్సింది ఆ టీచరు. గుంజీలు తీయించడం, మోకాళ్ల మీద నిలబెట్టడం, ఎండలో ఉంచడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. మన విద్యాహక్కు చట్టం, 2009, పదిహేడో సెక్షన్లో శారీరక దండనతో పాటు మానసిక వేధింపు కూడా నిషేధించింది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం 28వ అధికరణం కూడా బడిలో క్రమశిక్షణ పిల్లల మానవ గౌరవానికి తగ్గట్టు ఉండాలంటుంది. స్టాఫ్ మీటింగులో ఈ రెండూ చదివి వినిపించు, వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఆడపిల్లల బట్టల గురించి మగ టీచర్లు ఒక్క ముక్క కూడా అనకూడదు. ఏదైనా ఉంటే లేడీ టీచరు పక్కకి పిలిచి చెప్పాలి. మోకాలి దగ్గర స్కేలు పెట్టి కొలవడం మానిపించు. "మగపిల్లల దృష్టి మళ్లుతుంది" అనే కారణం నీ నోట రానివ్వకు. దృష్టి మళ్లేవాడి దృష్టి సంగతి వాడితో మాట్లాడు.

మత నమ్మకంతోనో, ఇంటి ఆచారంతోనో వేసుకున్నవాటి దగ్గర తొందరపడకు. దక్షిణాఫ్రికాలో దక్షిణ భారత మూలాలున్న ఓ అమ్మాయి సెలవుల్లో ముక్కు కుట్టించుకుని పుడకతో బడికి వచ్చింది. నగలు కూడదని రూలు. స్కూలు పట్టు విడవలేదు, తల్లీ విడవలేదు. ఆ చిన్న పుడక కోర్టులన్నీ ఎక్కి రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లింది. ఆమెకి మినహాయింపు ఇచ్చి ఉండాల్సిందని 2007 అక్టోబరులో తీర్పు. అప్పటికి పిల్ల బడి వదిలి వెళ్లిపోయింది కూడా. ఇలాంటిది నీ ముందుకు వస్తే తల్లిదండ్రులని కూర్చోబెట్టి, మినహాయింపు ఇస్తే ఎవరికి ఏం నష్టమో ఆలోచించు. నష్టం కనిపించకపోతే కాగితం మీద రాసి ఇచ్చెయ్.

చివరికి రూల్సు సంగతి. ఇంగ్లండులో ఎక్సెటర్ అనే ఊళ్లో 2017 జూన్‌లో ఎండలు మండిపోతుంటే ఓ స్కూలు మగపిల్లలు నిక్కర్లు వేసుకుంటామని అడిగారు. రూల్సులో లేదన్నారు. రూల్సులో స్కర్టు ఉంది కదా అని ముప్పై మంది దాకా స్కర్టులు వేసుకొచ్చారు. అంతా రూలు ప్రకారమే. తర్వాతి ఏడాది నుంచి నిక్కర్లకి ఒప్పుకుంటామని స్కూలు చెప్పాల్సి వచ్చింది. నాకు ఆ పిల్లలంటే భలే ముచ్చట. మీ రూల్సు కూడా ఒకసారి పిల్లల్లో నలుగురిని, తల్లిదండ్రుల్లో ఇద్దర్ని కూర్చోబెట్టుకుని చదువు. "ఇదెందుకు?" అని అడిగితే జవాబు చెప్పలేని ప్రతి రూలూ కొట్టేయ్. మిగిలినవాటిని టీచర్లందరూ ఒకేలా పాటించాలి. ఒక సారు చూసీ చూడనట్టు పోయి, ఇంకో సారు పట్టుకుంటే పిల్లలు నేర్చుకునేది యూనిఫాం కాదు, ఏ పీరియడ్లో ఎవరొస్తారో లెక్క.

కొత్త రూల్సు కాగితం తయారయ్యాక నాకు ఒక కాపీ పంపు, చూసి చెబుతాను. ఒక పేజీ దాటితే మాత్రం చదవకుండానే వెనక్కి పంపుతాను.

నీ పాత హెడ్మాస్టరు