టెక్ సందేహాలు: టెంపరేచర్ ముల్లు ఊగుతోందా? ముందు అంకె చూడండి

ప్రశ్న: మా కారు టెంపరేచర్ గేజ్ ముల్లు నిలకడగా ఉండట్లేదు. వేగంగా వెళ్తుంటే పావుకు దిగుతుంది, సిగ్నల్ దగ్గర ఆగితే సగం దాటి పైకి పోతుంది. థర్మోస్టాట్ (కూలెంట్ వేడెక్కాక రేడియేటర్‌కు దారి తెరిచే వాల్వ్) మార్చాలని మెకానిక్ అంటున్నారు. నా దగ్గర బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ (కారు కంప్యూటర్‌లోని వివరాలను ఫోన్‌కు పంపే పరికరం) ఉంది. దాంతో అసలు కారణం తేల్చుకోవచ్చా?

జవాబు: చాలావరకు తేల్చుకోవచ్చు. అయితే అడాప్టర్ పెట్టే ముందే, ఇంజిన్ పూర్తిగా చల్లారాక బానెట్ ఎత్తి కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) మట్టం చూడండి. వేడిగా ఉన్నప్పుడు మూత జోలికి వెళ్లొద్దు. లోపల ఒత్తిడి ఉంటుంది కాబట్టి కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీసిన క్షణంలో ఆవిరై ముఖం మీదకు చిమ్ముతుంది. రిజర్వాయర్ నిండుగా కనిపించినా, రేడియేటర్‌కు విడిగా మూత ఉంటే అదీ తీసి చూడండి.

ఇప్పుడు యాప్‌లో ‘ఇంజిన్ కూలెంట్ టెంపరేచర్’ను గ్రాఫ్‌గా పెట్టి, చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసినప్పటి నుంచి అరగంట ప్రయాణాన్ని రికార్డు చేయండి. గ్రాఫ్‌ను పక్కనున్నవాళ్లు చూడాలి, డ్రైవ్ చేస్తూ మీరు కాదు. అంకె నిలకడగా ఉండి ముల్లు మాత్రమే ఊగితే ఇంజిన్‌కు ఢోకా లేదు. కొన్ని పాత కార్లలో గేజ్‌కు విడి సెన్సర్ ఉంటుంది. దాని వైరు, కనెక్టర్ తుప్పు, ఎర్త్ బిగింపు చూస్తే చాలు. చాలా కొత్త కార్లలో పరిస్థితి ఇందుకు భిన్నం. వేడి పది పదిహేను డిగ్రీలు మారినా సాఫ్ట్‌వేర్ ముల్లును మధ్యలోనే నిలిపి ఉంచుతుంది. అలాంటి ముల్లు కదిలిందంటే లోపల నిజంగానే పెద్ద మార్పు వచ్చినట్టు.

ఆరోగ్యంగా ఉన్న గ్రాఫ్ 80-90 దాకా నున్నగా ఎక్కి, థర్మోస్టాట్ తెరుచుకోగానే కొద్దిగా దిగి, ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఆగి ఉన్నప్పుడు వంద దగ్గరికి ఎక్కి, ఫ్యాన్ తిరగ్గానే కొన్ని డిగ్రీలు తగ్గడం మామూలే. ఒక్క సెకనులో ముప్పై డిగ్రీలు గెంతితే అది వేడి కాదు, వైరింగ్. అంకె ఏకంగా మైనస్ 40కి పడిందంటే సెన్సర్ వైరు తెగినట్టు లేదా కనెక్టర్ ఊడినట్టు. ఎందుకంటే ఆ కొలమానం అక్కడి నుంచే మొదలవుతుంది. కొన్ని ఈసీయూలు (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్లు) లోపాన్ని పసిగట్టి ఊహించిన అంకెను చూపిస్తాయి కాబట్టి యాప్‌లో లోపాల కోడ్‌లు కూడా చదవండి. పీ0117, పీ0118, పీ0119 వస్తే సెన్సర్ సర్క్యూట్‌ను, పీ0128 వస్తే థర్మోస్టాట్‌ను అనుమానించాలి.

మీ విషయానికొస్తే, థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోతే వేగంగా వెళ్లేటప్పుడు అంకె 60-70కి దిగుతుంది. కానీ ఆగినప్పుడు మామూలు స్థాయిని దాటి పైకి పోవడానికి అదొక్కటే కారణం కాలేదు. రెండు వైపులా ఊగుతోంది కాబట్టి నా మొదటి అనుమానం కూలెంట్ తగ్గడం, లోపల గాలి చేరడం మీదే. సెన్సర్ కొన కూలెంట్‌లో మునిగి ఉండాల్సింది పోయి గాలి బుడగలో ఉంటే అది చూపే అంకెకు అర్థం ఉండదు. పరీక్ష సులువే. ఇంజిన్ వేడెక్కాక హీటర్ పెట్టండి. ఐడిల్‌లో చల్లగాలి, ఆక్సిలరేటర్ తొక్కితే వేడిగాలి వస్తుంటే గాలి చేరినట్టే, లేదా కూలెంట్ చాలనట్టే. పనిలో పనిగా ఏసీ వేసి రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి. తిరక్కపోతే ఫ్యూజు, రిలే, మోటారు వరసగా చూడాలి.

గాలి తీయడానికి కారు ముందుభాగం ఎత్తుగా ఉండేలా నిలిపి, చల్లటి ఇంజిన్ మీద మూత తీసి, హీటర్‌ను గరిష్ఠ వేడికి తిప్పండి. మాన్యువల్ చెప్పిన రకం కూలెంట్‌ను సగానికి సగం డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి నెమ్మదిగా పోయండి. ముందే కలిపి అమ్మే రకమైతే మళ్లీ నీళ్లు కలపొద్దు. రంగు చూసి కొనొద్దు, కంపెనీకో రంగు ఉంటుంది. గాలి బయటికి వదిలే బ్లీడ్ స్క్రూ ఉంటే వదులు చేసి, బుడగలు లేని ధార వచ్చాక బిగించండి. మూత పెట్టి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగే దాకా ఇంజిన్ నడిపి, పూర్తిగా చల్లారాక మట్టం సరిచేయండి. కొన్ని మోడళ్లకు వాక్యూమ్‌తో నింపే యంత్రం కావాలి. అది గ్యారేజీ పని.

వారం తిరక్కుండా మళ్లీ తగ్గితే ఎక్కడో కారుతోంది. హోస్ కీళ్లు, వాటర్ పంప్ కింద తడి, పాతబడిన మూత రబ్బరు చూడండి. బయట చుక్క తడి లేకుండా తగ్గుతూ, రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు వస్తుంటే హెడ్ గాస్కెట్‌ను (ఇంజిన్ హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య ఉండే సీలు) అనుమానించాలి. కూలెంట్‌లోకి ఇంజిన్ పొగ చేరిందో లేదో చూపే బ్లాక్ టెస్టర్‌లోని నీలి ద్రవం పసుపు రంగుకు మారితే ఆ అనుమానం నిజమే. అప్పుడు కారు నడపొద్దు.

ఇవన్నీ సరిగ్గా ఉంటే థర్మోస్టాట్ విప్పించి, దారంతో కట్టి నీళ్లలో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి మరగబెట్టండి. దాని మీద 82 అనో 88 అనో ముద్ర ఉంటుంది. ఆ వేడి దగ్గర తెరుచుకోవడం మొదలై, మరో పది పదిహేను డిగ్రీల్లో పూర్తిగా తెరుచుకోవాలి. పాడైతే కొత్తది వేయించండి. తీసేసి ఖాళీగా నడపమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. ఇంజిన్ ఎప్పుడూ చల్లగానే ఉండి ఇంధనం ఎక్కువ తాగుతుంది, అరుగుదలా పెరుగుతుంది. బిగించేటప్పుడు అందులోని చిన్న గాలి రంధ్రం పైవైపుకు ఉండాలి, గాస్కెట్ కొత్తది వేయాలి.

ప్రశ్న: ఓబీడీ అడాప్టర్ నా ఐఫోన్‌కు కనెక్ట్ కావట్లేదు. ఆండ్రాయిడ్‌లో పనిచేస్తోంది. ఎందుకు?

జవాబు: మీది పాత తరహా బ్లూటూత్ అడాప్టర్ అయ్యుండాలి. ఐఫోన్‌కు బ్లూటూత్ లో ఎనర్జీ రకంగానీ వైఫై రకంగానీ తీసుకోండి. కారు కొన్ని రోజులు కదలదనుకుంటే అడాప్టర్‌ను పీకి పక్కన పెట్టండి, లేదంటే బ్యాటరీని కొద్దికొద్దిగా తాగేస్తుంది.