మా సంఘానికి స్త్రీ పాస్టరు వస్తే వాక్యానికి విరుద్ధమా?

గుంటూరు దగ్గర మీ సంఘానికి స్త్రీ పాస్టరును నియమించారని, స్త్రీ ఉపదేశించకూడదని పౌలు రాశాడంటూ పెద్దలు ఒప్పుకోవడం లేదని, వాళ్లకు ఏం జవాబు చెప్పాలని అడిగారు. వాక్యానికి ఇది విరుద్ధం కాదనే నేను నమ్ముతాను.

మా నాయనమ్మ బైబిల్ స్త్రీగా పనిచేసింది. తెనాలి చుట్టుపక్కల పల్లెల్లో, కూలి పనులకు వెళ్లినవాళ్లు ఇళ్లకు చేరే వేళకు గొడుగు, సంచి పట్టుకుని వెళ్లేది. అరుగు మీద కూర్చుని చదువు రానివాళ్లచేత పది ఆజ్ఞలు, పరలోక ప్రార్థన వల్లె వేయించేది. వాళ్లలో మగవాళ్లూ ఉండేవారు. కొందరు తర్వాత సంఘ పెద్దలయ్యారు కూడా. బాప్తిస్మం రోజున మాత్రం పాస్టరుగారు బండి కట్టించుకుని వచ్చేవారు. ఆమె పక్కన నిలబడి ఎవరి పేరేమిటో ఆయనకు అందించేది. కోస్తాలో పాత మిషను సంఘాల ఇళ్లలో ఎవరిని కదిపినా ఇలాంటి నాయనమ్మో అమ్మమ్మో ఒకరు ఉంటారు. స్త్రీ ఉపదేశించకూడదన్న నియమాన్ని మనవాళ్లు పాటించింది ఎప్పుడు? వాళ్లు గీత గీసింది బాప్తిస్మపు నీళ్ల దగ్గర, రొట్టె దగ్గర, గిన్నె దగ్గర, రిజిస్టరులో సంతకం దగ్గర. మీ పెద్దలు తిమోతి పత్రిక తెరిస్తే, మీ సండే స్కూలులో వాళ్లకు వాక్యం నేర్పింది ఎవరో అడగండి. అభ్యంతరం బోధకా, అధికారానికా అన్నది ముందు తేలాలి.

స్వతంత్ర ప్రార్థన మందిరాల సంగతి మరీ విచిత్రం. పాస్టరుగారు చనిపోతే ఆ మరుసటి ఆదివారం ఆయన భార్య ప్రసంగపీఠం ఎక్కుతుంది, ఏళ్ల తరబడి సంఘాన్ని నడుపుతుంది. అప్పుడు ఎవరికీ ఆ వచనం గుర్తుకు రాదు. భర్త వెనుక వచ్చిన పిలుపును ఒప్పుకుని, వేదాంత కళాశాలలో చదివి తనంతట తానుగా వచ్చిన స్త్రీ పిలుపును కాదనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

పౌలు మాటను పక్కన పెట్టమని నేను అనను. 1 తిమోతి 2:12 ఉంది, సంఘంలో స్త్రీలు మౌనంగా ఉండాలనే 1 కొరింథీయులకు 14:34 ఉంది. అదే కొరింథీ పత్రిక 11వ అధ్యాయంలో, స్త్రీ ప్రార్థించేటప్పుడు, ప్రవచించేటప్పుడు తల మీద ముసుగు వేసుకోవాలంటాడు. అసలు నోరే విప్పకూడదంటే ముసుగు సంగతి ఎందుకు? రోమా పత్రిక చివర ఫీబేను కెంక్రేయ సంఘ పరిచారకురాలని చెప్పి, ఆమెకు కావలసిన సహాయం చేయమంటాడు. నన్ను ఎక్కువగా పట్టి ఉంచేది ప్రిస్కిల్ల. అపొల్లో అంతటి వక్తను భర్తతో కలిసి చేర్చుకుని, దేవుని మార్గాన్ని అతనికి మరింత పూర్తిగా విశదపరిచింది. అది జరిగింది ఎఫెసులో. తిమోతిని పౌలు ఉంచిన ఊరూ ఎఫెసే. అక్కడ తప్పుడు బోధ చేసేవాళ్లను ఆపమని పత్రిక మొదట్లోనే ఉంది. ఆ ఊరి కష్టానికి రాసిన మందును అన్ని ఊళ్లకూ, అన్ని కాలాలకూ పట్టించడం సరికాదని నా అభిప్రాయం.

క్యాథలిక్కుల వాదన వేరు, దీనితో కలపకండి. క్రీస్తు పన్నెండుమంది అపొస్తలులుగా పురుషులనే ఎన్నుకున్నాడు కనుక స్త్రీలకు గురు అభిషేకం ఇచ్చే అధికారం శ్రీసభకు లేదని 1994లో రెండవ జాన్ పాల్ పోపు ప్రకటించారు. మీది ప్రొటెస్టెంటు సంఘం. దక్షిణ ఇండియా సంఘం 2013లో నంద్యాల డయాసిస్‌కు పుష్పలలితగారిని బిషప్‌గా అభిషేకించింది. ఇంగ్లండు సంఘానికి మొదటి స్త్రీ బిషప్ వచ్చింది 2015లో. ఈ విషయంలో రాయలసీమ ముందు నడిచింది.

విజయవాడలో మేము వెళ్లే సంఘానికి కొన్నేళ్ల క్రితం ఒక అమ్మగారు పాస్టరుగా వచ్చారు. మొదటి ప్రభువు బల్ల ఆరాధనలో ముందు వరుసలోని పెద్దలు కొందరు లేవలేదు. ఆమె వాళ్లను ఒక్క మాట అనలేదు. తెల్లచీర మీద స్టోల్ (పాస్టర్లు మెడలో వేసుకునే పట్టీ) వేసుకుని, ఒక్కొక్కరూ తాగాక గిన్నె అంచు గుడ్డతో తుడిచి, కొంచెం తిప్పి పక్కవారికి అందిస్తూ వెళ్లారు. మోకరించలేని ముసలివాళ్ల దగ్గరకు తానే దిగి వచ్చారు. ఆ తర్వాత, లేవని పెద్దల్లో ఒకాయన భార్యకు గర్భసంచి ఆపరేషన్ అయింది. అంతకుముందు పాస్టర్లు స్త్రీల వార్డుకు వెళ్తే గుమ్మం దగ్గర నిలబడి ప్రార్థన చేసి వచ్చేసేవారు. ఈమె మంచం పక్కన కూర్చుని, ఆమె ఏళ్ల తరబడి దాచుకున్నదంతా విన్నారు. పుట్టి పోయిన బిడ్డల గురించి, చేయి చేసుకునే భర్తల గురించి మా సంఘంలోని ఆడవాళ్లు పాస్టరుతో నోరు విప్పి మాట్లాడింది ఆమె వచ్చాకే. ఆ పెద్దాయన చివరిదాకా బల్లకు రాలేదు. ఆయన భార్య మాత్రం ఒక్కసారీ మానలేదు.

గుంటూరుకు ఈ పాఠం కొత్త కాదు. 1883లో అన్నా సారా కుగ్లర్ అనే అమెరికా మిషనరీ వైద్యం చదివి వచ్చినా, మిషను ఆమెను ముందు పంపింది ఉపాధ్యాయినిగా. మగ డాక్టరు ముందుకు రాని స్త్రీలు ఆమె దగ్గరకు వచ్చారు, తర్వాతే వైద్య మిషనరీగా నియామకం దక్కింది. కుగ్లర్ ఆసుపత్రి మీ దగ్గర గుంటూరులోనే ఉంది కదా.

వాదన ఎలా తేలినా, ఆమె వచ్చేలోపు మీరు చేయవలసిన పనులున్నాయి. పాస్టరు ఇంటి తలుపులకు గడియలు సరిగా ఉన్నాయో లేదో చూడండి. రాత్రిపూట ఎవరైనా పోయారని కబురొస్తే ఆమెకు తోడు వెళ్లేది ఎవరో ముందే నిర్ణయించండి. ఇంతకుముందు పాస్టరుకు ఇచ్చిన జీతమే ఆమెకూ ఇవ్వాలని కమిటీ చేత తీర్మానం రాయించండి. మా దగ్గర ఆ తీర్మానం రాయించడానికే ఎక్కువ కాలం పట్టింది.