ఆయమ్మ జీతం 12,000... మరి అసలు ఖర్చు?

ప్రశ్న: మాది విజయనగరం. నేను టీచరును, మావారు బ్యాంకులో చేస్తారు. పాపకు తొమ్మిదో నెల. వచ్చే నెలతో నా సెలవు అయిపోతుంది. గజపతినగరం దగ్గర పల్లె నుంచి 35 ఏళ్ల ఆవిడ ఒకరు మా ఇంట్లోనే ఉండి పాపను చూసుకుంటానంటున్నారు. జీతం 12,000. ముందుగా 50,000 అడ్వాన్సు అడుగుతున్నారు. ఏడాదిలోపు మానకూడదని బాండు రాయించుకోమని మా మావయ్యగారు అంటున్నారు. విశాఖలో ఒక ఏజెన్సీ ఏడాదికి 25,000 సర్వీసు చార్జీ తీసుకుని మనిషిని పంపిస్తుందట. బంధువులేమో తెలిసినవాళ్ల పదహారేళ్ల అమ్మాయి ఉంది, నెలకు 5,000 చాలు, పెళ్లికి మనమే ఏదో ఒకటి చేద్దాం అంటున్నారు. మొత్తం ఖర్చు ఎంతవుతుంది? చట్టం ప్రకారం మేం ఏం చేయాలి?

జవాబు: పదహారేళ్ల అమ్మాయి మాట ముందు తేల్చేద్దాం. చౌకగా కనిపిస్తున్నా మీరు చెప్పిన దారులన్నింటిలో ప్రమాదం ఎక్కువ ఉన్నది అదే. పద్నాలుగేళ్లు నిండని పిల్లలను ఇంటి పనిలో పెట్టుకుంటే ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, లేదా 20,000 నుంచి 50,000 దాకా జరిమానా, లేదా రెండూ పడతాయి. పదహారు నిండాయి కదా అని ధీమా పడొద్దు. పద్దెనిమిదేళ్లలోపు వారిని పని కోసం కట్టడి చేసి ఉంచినా, వారి సంపాదన వారికివ్వకుండా ఆపినా 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 79వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల జరిమానా ఉన్నాయి. 'పెళ్లికి మనమే చేద్దాం' అన్న మాటకు అర్థం ఆ పిల్ల జీతంలో కొంత మీ దగ్గర ఆపుకోవడమే. మీ మనసులో ఎంత ప్రేమ ఉన్నా కేసు అయినప్పుడు అది జీతం ఆపినట్టుగానే కనిపిస్తుంది. పైగా ఆ అమ్మాయి ఇంటర్ చదవాల్సిన వయసులో ఉంది. ఆ ఆలోచన మానుకోండి.

ఇక గజపతినగరం ఆవిడ సంగతి. 12,000 చొప్పున ఏడాదికి జీతం 1,44,000. ఇంట్లోనే ఉంటారు కాబట్టి భోజనం, టిఫిన్, టీ కలిపి రోజుకు వంద రూపాయలు, అంటే నెలకు 3,000 వేసుకున్నా 36,000. సంక్రాంతికి ఒక నెల జీతం ఇవ్వడం చట్టం పెట్టిన నియమం కాదు, కానీ మన జిల్లాల్లో అది ఇవ్వకపోతే పండక్కి ఊరెళ్లిన మనిషి తిరిగి రాదు. కాబట్టి మరో 12,000. బట్టలు, సబ్బులు, నూనె, ఫోన్ రీచార్జికి నెలకు 500 చొప్పున 6,000. జ్వరాలకు, మందులకు 5,000 పక్కన పెట్టండి. బీమా, పింఛను కింద 2,256 అవుతుంది, దాని వివరం కింద చెబుతాను. అన్నిటికంటే అందరూ మరిచిపోయే పద్దు, ఆవిడ లేని రోజుల ఖర్చు. ఆదివారాలు మీరిద్దరూ ఇంట్లోనే ఉంటారు, ఇబ్బంది లేదు. ఊడ్పులు, కోతలు, ఊళ్లో అమ్మవారి పండగ వచ్చినప్పుడు మాత్రం పల్లె మనిషి ఆగరు, ఆగమనడం న్యాయమూ కాదు. అలాంటివి ఏడాదికి పదిహేను రోజులనుకుని, బదులు మనిషికి రోజుకు 600 ఇస్తే 9,000. అన్నీ కలిపితే 2,14,256. అంటే నెలకు దాదాపు 17,850. పరుపు, దోమతెర, ఫ్యాను లాంటి మొదటి ఖర్చులు ఇందులో కలపలేదు. జీతంగా ఇచ్చే 12,000 ఈ మొత్తంలో మూడింట రెండు వంతులే. దీన్ని మీ ఆదాయ పన్నులో ఖర్చుగా చూపించే వీలు లేదు, ఉన్నదంతా చేతి డబ్బే.

ఏజెన్సీ దారిలో 25,000తో పని తీరదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ అయితే 18 శాతం, అంటే 4,500 కలిపి 29,500 అవుతుంది. నెలకు మరో 2,450 పైనే. డబ్బు కట్టేముందు జీఎస్టీ నంబరున్న బిల్లు అడగండి. మనిషి మధ్యలో మానేస్తే ఎన్ని రోజుల్లో వేరే మనిషిని పంపుతారు, ఎన్నిసార్లు పంపుతారు, పంపలేకపోతే ఎంత వెనక్కిస్తారు అన్న మూడింటినీ కాగితం మీద పెట్టించండి. జీతం ఏజెన్సీ చేతికి ఇవ్వొద్దు. నేరుగా ఆవిడ ఖాతాలోనే వేయండి.

అసలు ప్రమాదం అడ్వాన్సులోనూ, బాండులోనూ ఉంది. కంబారిని, అంటే పాలేరును, ఏడాది లెక్కన పెట్టుకుని ముందే డబ్బివ్వడం మన ప్రాంతంలో పాత అలవాటు, మీ మావయ్యగారి సలహా అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. కానీ తీసుకున్న అప్పుకు బదులుగా 'తీరేదాకా ఇక్కడే పని చేయాలి' అని మనిషిని కట్టిపడేస్తే అది 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందకు వస్తుంది. శిక్ష మూడేళ్ల దాకా జైలు, 2,000 దాకా జరిమానా. అంతకంటే ముఖ్యం, ఆ అప్పే రద్దయిపోతుంది. అది వెట్టి అప్పు అని ఆవిడ అంటే, కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత అప్పిచ్చిన మీ మీద పడుతుంది. స్టాంపు పేపరు మీద రాయించినా, సాక్షులతో సంతకాలు పెట్టించినా ఇందులో మార్పు రాదు. సొంతంగా చేసే సేవను బలవంతంగా చేయించమని కోర్టులు ఉత్తర్వులివ్వవు. ఏడాది బాండు మీకు ఒక్క రోజు పని కూడా తెచ్చిపెట్టదు, మీ మీద కేసుకు సాక్ష్యం మాత్రం అవుతుంది.

అవసరానికి అడిగిన మనిషికి సాయం చేయడం తప్పు కాదు, ఇచ్చే పద్ధతి మార్చండి. ఒక నెల జీతానికి మించకుండా, వడ్డీ లేని చేబదులుగా ఇవ్వండి. ప్రోనోటు వేరుగా ఉండాలి, పని ఒప్పందంలో ఆ అప్పు ఊసే ఉండకూడదు. నెలకు 1,000 లేదా 2,000 మించి జీతంలో పట్టుకోవద్దు. 'ఎప్పుడైనా పని మానుకోవచ్చు, మానితే మిగిలింది వాయిదాల్లో తీర్చాలి' అని ప్రోనోటులోనే రాయండి. ఆ ఒక్క వాక్యం మిమ్మల్ని కాపాడుతుంది. ఆవిడ ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం మీ బీరువాలో పెట్టుకోవడం కూడా ఇలాంటి తప్పే. ఫోటో తీసుకుని కార్డు వెంటనే ఇచ్చేయండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది, గుర్తింపు కార్డు చేతిలో లేకపోతే ఆవిడ ఊరికి ఉచితంగా బస్సు కూడా ఎక్కలేరు.

చట్టం మీకు పెట్టని భారాలు కొన్ని ఉన్నాయి. ఒక ఇంటికి పీఎఫ్, ఈఎస్‌ఐ, గ్రాట్యుటీ వర్తించవు. పారిశ్రామిక సంబంధాల కోడ్ ఇంటి పనిని పరిశ్రమ నిర్వచనం నుంచే తప్పించింది, అందువల్ల పని మాన్పించినందుకు పారిశ్రామిక వివాదం రాదు. కనీస వేతనం మాత్రం పట్టించుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలంలోనే ఇంటి పనిని ఆ పరిధిలోకి తెచ్చారు. అందులో కలిసే కరవు భత్యం ఏటా ఏప్రిల్‌లో, అక్టోబరులో మారుతుంది కాబట్టి జీతం ఖాయం చేసే ముందు విజయనగరంలోని కార్మిక శాఖ కార్యాలయంలో ఆ నాటి అంకె అడిగి రాసుకోండి. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించడం వెట్టితో సమానమని సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. భోజనం పెడుతున్నాం కదా అని జీతం తగ్గించకండి.

పని గంటల దగ్గర చాలా ఇళ్లలో పేచీ మొదలవుతుంది. 12,000ను 26 రోజులకు, రోజుకు 8 గంటలకు పంచితే గంటకు దాదాపు 58 రూపాయలు. అదనపు గంటకు కార్మిక చట్టాల కొలత రెట్టింపు. రోజూ రెండు గంటలు అదనంగా చేయించుకుంటే ఆ కొలత ప్రకారం నెలకు మరో 6,000. ఇంట్లోనే ఉంటున్నారు కదా అని రాత్రి రెండుసార్లు పాప ఏడిస్తే ఆవిడనే లేపడం, పొద్దున్నే అంట్లు కూడా తోమించడం, క్రమంగా వంట అప్పగించడం, ఇవన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. పాప స్నానం, పాలు, తిండి, నిద్ర, పాప బట్టలు, పాప సీసాలు. ఇంతవరకే ఆవిడ పని అని మొదటి రోజే రాసుకోండి. రాత్రి పాప బాధ్యత మీరే తీసుకోండి. నిద్ర చాలని మనిషి చేతిలో తొమ్మిది నెలల పాపను పెట్టడం పాపకే ప్రమాదం.

ఇందాక చెప్పిన 2,256 వివరం ఇది. ఇవి కేంద్ర ప్రభుత్వ పథకాలు. సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే రెండు లక్షలు వస్తాయి. జీవన్ జ్యోతి బీమాకు 436, ఏ కారణంతో చనిపోయినా రెండు లక్షలు. రెండూ ఆవిడ బ్యాంకు ఖాతా నుంచే కట్ అవుతాయి. శ్రమయోగి మాన్‌ధన్‌లో 35వ ఏట చేరితే నెలకు 150, అరవై దాటాక నెలకు 3,000 పింఛను. నలభై దాటితే అందులో చేరే వీలుండదు, నెల ఆదాయం 15,000 మించకూడదు. అసంఘటిత కార్మికుల కోసం ఉన్న ఈ-శ్రమ్ నమోదు ఉచితం, దాన్ని కూడా చేయించండి. మూడింటి డబ్బూ మీరే భరించమని నా సలహా. జీతం కాక మీరు పెట్టే ఖర్చులో ఆవిడ కుటుంబానికి ఇంతగా పనికొచ్చేది మరొకటి లేదు.

చేరే ముందు దగ్గరి పోలీసు స్టేషన్‌లో వివరాలిచ్చి విచారణ కోరండి. ఇంటి మనుషుల ఫోన్ నంబర్లు రెండు తీసుకోండి. ప్రభుత్వ ఆసుపత్రిలో క్షయ పరీక్ష ఉచితంగా చేస్తారు, పసిపాప ఉన్న ఇంటికి అది అవసరం. హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకుంటేనే పని అనడం మాత్రం 2017 చట్టం ప్రకారం నిషేధం, ల్యాబు ప్యాకేజీలో అది కలిసి ఉంటే తీయించేయండి. హాల్లో కెమెరా పెట్టుకోవచ్చు, ఆ సంగతి ఆవిడకు ముందే చెప్పాలి. ఆవిడ పడుకునే, బట్టలు మార్చుకునే చోట పెడితే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. లైంగిక వేధింపుల నిరోధక చట్టానికి మీ ఇల్లు కూడా పనిచోటే, ఫిర్యాదు జిల్లాలోని స్థానిక కమిటీకి వెళుతుంది. ఇంట్లోని మగవాళ్లందరికీ, వచ్చి పోయే చుట్టాలతో సహా, ఈ మాట తెలిసి ఉండాలి.

జీతం ఖాతాలో వేస్తే రుజువు దానంతటదే ఉంటుంది. నగదు ఇస్తే 5,000 దాటిన ప్రతి రసీదుకూ రూపాయి రెవెన్యూ స్టాంపు మీద సంతకం తీసుకోండి. మానే ముందు ఇరువైపులా పదిహేను రోజుల నోటీసు అని రాసుకోండి. మానిన రెండు పని దినాల్లో బాకీ తీర్చేయండి. జీతం బాకీ మీద మూడేళ్ల దాకా దావా వేయవచ్చు. ఆవిడకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో వకీలు ఉచితంగా దొరుకుతారు, 15100కు ఫోన్ చేస్తే చాలు. తగవు వస్తే మీరూ అక్కడికే వెళ్లండి, కోర్టు ఖర్చు లేకుండా రాజీ కుదురుతుంది.

మీ సెలవు ఇంకా నెల ఉంది కాబట్టి ఈ వారమే ఆవిడను చేర్చుకోండి. మొదటి పదిహేను రోజులు పూర్తి జీతం లెక్కన, మీరు ఇంట్లో ఉండగానే పాపను అలవాటు చేయండి. కుదరకపోతే వేరే మనిషిని వెతకడానికి ఇంకో రెండు వారాలు మీ చేతిలో ఉంటాయి.