ఆఖరున వచ్చావా, ముందు కూర్చో

ప్రశ్న: అక్కా, నాకు 27 ఏళ్ళు. మాది కావలి దగ్గర పల్లె. రెండేళ్ళుగా హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ గచ్చిబౌలి హాస్టల్లో ఉంటున్నాను. ఇక్కడ నాకంటూ ఎవరూ లేరు, ఆఫీసులో కూడా హాయ్, బాయ్ వరకే. పోయిన నెల ధైర్యం చేసి ఒక గ్రూపుతో అనంతగిరి కొండలకు ట్రెక్‌కి వెళ్తే అందరికన్నా వెనకబడిపోయాను. నేను ఆయాసపడుతూ చేరేసరికి వాళ్ళు లేచి బయల్దేరేవాళ్ళు. తిరుగు బస్సులో ఎవరితోనూ మాట్లాడలేకపోయాను. వాళ్ళలో కొందరు ఆదివారాలు ఖాజాగూడ గుట్టల మీద పరిగెత్తుతారట, నన్నూ రమ్మన్నారు. వెళ్ళాలనే ఉంది, కానీ మళ్ళీ అందరికీ భారమవుతానేమోనని టెన్షన్. కొంచెం లావుగా కూడా ఉంటాను. నాలాంటివాళ్ళు ఇలాంటివి మానుకోవడమే మంచిదా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మానుకోవద్దు తల్లీ. "నేను చేరేసరికి వాళ్ళు లేచి బయల్దేరేవాళ్ళు" అన్నావు చూడు, ఆ ఒక్క మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ముందు వెళ్ళినవాళ్ళు పది నిమిషాలు కూర్చుని, నీళ్ళు తాగి, ఫొటోలు దిగి, నువ్వు కనబడగానే "వచ్చేసింది, పదండి" అని లేస్తారు. అంటే రెస్ట్ ఎవరికి ఎక్కువ కావాలో వాళ్ళకే అసలు దొరకదు. అలా రెండుసార్లు జరిగితే ఎంత గట్టి మనిషైనా మూడో ఎత్తు దగ్గర చతికిలబడాల్సిందే. అది నీ ఒంట్లో లోపం కాదు, గ్రూపును నడిపించిన తీరులో లోపం. పద్ధతి తెలిసిన గ్రూపుల్లో ముందు ఒకరు దారి చూపిస్తే, అందరికన్నా వెనక అనుభవం ఉన్నవాళ్ళు ఒకరు నడుస్తారు. వాళ్ళను స్వీప్ అంటారు. చివరి మనిషి వచ్చి కూర్చున్నాకే బ్రేక్ మొదలైనట్టు లెక్క. ఈసారి వెళ్ళేముందు మొహమాటపడకుండా అడుగు, స్వీప్ ఎవరు, చివరివాళ్ళు వచ్చాక ఎంతసేపు ఆగుతారు అని. సరైన జవాబు రాకపోతే ఇంకో గ్రూపు చూసుకో, ఈ ఊళ్ళో గ్రూపులకు కొదవ లేదు.

కావలి అన్నావు కాబట్టి అడుగుతున్నా, అలిపిరి నుంచి కొండకు ఎప్పుడైనా నడిచి వెళ్ళావా? 3,550 మెట్లు, దగ్గర దగ్గర 9 కిలోమీటర్లు. మెట్టుమెట్టుకీ వంగి పసుపు, కుంకుమ పెట్టుకుంటూ వెళ్ళే ఆడవాళ్ళు ఉంటారు, మోకాళ్ళ పర్వతం దగ్గర నిజంగానే మోకాళ్ళ మీద ఎక్కేవాళ్ళు ఉంటారు, చంకలో పిల్లాడిని వేసుకుని ఎక్కేవాళ్ళూ ఉంటారు. నువ్వు ఆగిపోతే ముక్కూమొహం తెలియనివాళ్ళు "గోవిందా" అంటారు, నువ్వూ అంటావు, కాళ్ళు మళ్ళీ కదులుతాయి. అక్కడ ఎవరు ఆఖరున వచ్చారో ఎవరైనా చూశారా? కొండ మీద పదిమందిలో కలిసిపోవడం నీకు కొత్తేమీ కాదు. ఇక్కడ దాన్ని రేసులా చూశావు, అందుకే బస్సులో నోరు పెగల్లేదు.

నేను 41వ ఏట ఈ ఊరొచ్చి గుట్టలెక్కడం మొదలుపెట్టాను. ఖాజాగూడలో ఒకచోట బండ మీద సన్నటి గరుసు ఉంటుంది, ఆవాలు ఒలికినట్టు. షూ కింద గరగరమని జారిపోతుంది. మొదటి రెండు ఆదివారాలూ అక్కడ కూర్చుని, చేతులతో జరుగుతూ దిగాను. మూడో వారం నాకన్నా పెద్దావిడ ఒకామె ఆగి చూపించింది. భయంతో వెనక్కి వాలతాం కదా, అలా వాలితేనే జారుతుందట. మోకాళ్ళు కాస్త వంచి, అడుగులు చిన్నచిన్నగా వేస్తూ, పాదాల్ని కాకుండా నాలుగడుగుల ముందున్న నేలను చూడాలి. ఆ రోజు నిలబడే దిగాను. రెండు నెలల తర్వాత కొత్తగా వచ్చిన అమ్మాయి సరిగ్గా అక్కడే బిక్కమొహం వేసుకుని నిలబడింది. వెనక్కి వెళ్ళి అదే నేర్పించాను. అప్పటిదాకా గుడ్ మార్నింగ్‌లతో సరిపెట్టుకున్న గ్రూపులో ఆ రోజు ఇరానీ చాయ్ దగ్గర గంటసేపు కబుర్లు చెప్పాను.

అందుకే వారానికో కొత్త కొండ పెట్టుకోకు. ఒకే గుట్ట, ఒకే గ్రూపు, కనీసం ఆరు ఆదివారాలు. ఏ మలుపులో ఆయాసం వస్తుందో, ఏ బండ మీద కాలు నిలుస్తుందో ఒంటికి తెలిసిపోతుంది, మొహాలూ అలవాటవుతాయి.

ఇక పరుగు గురించి కంగారుపడకు. ట్రైల్ రన్నింగ్, అదే ఇలా గుట్టల్లో మట్టిదారుల మీద పరుగు, అంటే మొదట్నుంచి చివరిదాకా పరిగెత్తడం కాదు, ఎత్తు వస్తే ఎంత అనుభవం ఉన్నవాళ్ళయినా తొడల మీద చేతులు ఆనించి నడుస్తారు, పోటీల్లో కూడా. పరిగెడుతూ ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే ఆ స్పీడు నీకు సరైనదే, మాట తెగిపోతుంటే నడువు. బరువు గురించి అడిగావు కాబట్టి చెప్తున్నా, మోకాళ్ళకు అసలు దెబ్బ ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. కాబట్టి మొదటి రెండు నెలలు దిగువకు పరుగు వద్దు, నడిచే దిగు. వారంలో రెండు రోజులు హాస్టల్ మెట్లు పదిహేను నిమిషాలు ఎక్కి దిగు. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం లాంటివి ఉంటే మాత్రం ముందు డాక్టర్, తర్వాతే గుట్ట.

షూ కొనేటప్పుడు కాలివేళ్ళ ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, లేకపోతే దిగేటప్పుడు వేళ్ళు గుద్దుకుని గోళ్ళు నల్లబడతాయి. లీటరు నీళ్ళు, ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్, రెండు పల్లీ చిక్కీలు చాలు. ఎండాకాలంలో ఎనిమిదికల్లా కిందికి దిగిపోవాలి, బండ వేడెక్కిందంటే తట్టుకోలేం.

ఏదో ఒక ఆదివారం పరిగెత్తే ఓపిక లేకపోతే సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళ రాక్ వాక్‌కి వెళ్ళు. హైదరాబాద్ బండల్ని కాపాడటం కోసం 1996లో పెట్టిన సంస్థ అది. ఆ బండల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. అక్కడ ఎవరూ తొందరపడరు, రాయి రాయి దగ్గరా ఆగుతారు. నాకు మాత్రం అది చాలా ఇష్టం.

శనివారం రాత్రి కాలిగోళ్ళు కత్తిరించుకో. ఏ గుట్టకు వెళ్తున్నావో, ఎన్నింటికి తిరిగొస్తావో హాస్టల్లో ఒకరికి చెప్పు. ఒంటరిగా మాత్రం గుట్టెక్కకు. ఆరు వారాలయ్యాక నాకు ఇంకో ఉత్తరం రాయి, ఆ గరుసు దగ్గర నిలబడి దిగావో కూర్చుని దిగావో తెలుసుకోవాలని ఉంది.